గాల్లో వేలాడిన లాడిల్

మా భిలాయి సెక్టర్ 4లో రిటైరైన మగవాళ్ళకి మూడు దారులు: మోకాళ్ళ డాక్టరు, గుడి కమిటీ, సాహిత్యం. మోకాళ్ళు పనిచేస్తున్నవాళ్ళు గుడి కమిటీకి నిలబడతారు. కమిటీలో ఓడిపోయినవాళ్ళు పుస్తకం రాస్తారు. తిరుమలరావు మావయ్య కోశాధికారి పదవికి నిలబడి ఓడిపోయాడు. ఆ ఏడాదే ‘ద్రవలోహ హృదయం’ అనే నవల మొదలుపెట్టాడు.

మావయ్య నాకు చుట్టమేం కాదు. పక్క క్వార్టరు. ఆయనదీ మా నాన్నదీ విజయనగరం దగ్గర పక్కపక్క ఊళ్ళు. ఇక్కడ మావయ్య అయిపోవడానికి అంతమాత్రం చాలు. నేను ఇంజనీరింగ్ మధ్యలో మానేసినవాణ్ణి. కాలేజీ నాకు నచ్చలేదు, కాలేజీకి నేనూ నచ్చలేదు. ఆ ఒక్క విషయంలోనే మా ఇద్దరికీ ఏకాభిప్రాయం. ఇప్పుడు దొరికిన పనల్లా చేస్తుంటాను. అందులో తెలుగు టైపింగు ఒకటి. భిలాయిలో పుట్టిన నా ఈడువాళ్ళకి తెలుగు మాట్లాడటానికే చెమటలు పడతాయి, ఇక రాయడం సంగతి చెప్పక్కర్లేదు. మా అమ్మ చెవి మెలేసి నేర్పింది కాబట్టి నాకు వచ్చు. అలా ‘ద్రవలోహ హృదయం’ మొత్తం నా వేళ్ళ మీదుగా వెళ్ళింది. వేళ్ళ మీదుగానే, బుర్ర దాకా రాలేదు. టైపు చేసేవాడు చదువుతాడనుకోవడం, పెళ్ళిలో వడ్డించేవాడి కడుపు నిండిందనుకోవడం లాంటిది.

ముందు మావయ్య ఉద్యోగం గురించి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగిన గొడవ పిచ్చివాళ్ళ వ్యవహారంలా కనబడుతుంది. పిచ్చివాళ్ళ వ్యవహారమే, కానీ దానికో పద్ధతి ఉంది.

ఉక్కు ప్లాంటులో ఉక్కు కరిగించే షాపులో, అంటే ఆ విభాగం షెడ్డులో, ఆయన క్రేను నడిపేవాడు. లాడిల్ అంటే ఓ గదంత ఇనప బకెట్టు. దాన్నిండా కరిగిన ఉక్కు. ఆ బకెట్టుని కొక్కేలకు తగిలించి, పైకెత్తి, షాపు ఈ చివర్నుంచి ఆ చివరకు మోసుకెళ్ళడం ఆయన పని. పైన క్యాబిన్లో కూర్చున్నవాడికి ఆ రొదలో కింది మాట వినబడదు. అందుకని కింద ఒకడు నిలబడి చేతులతో చెప్తాడు. చూపుడువేలు పైకి తిప్పితే ఎత్తు. కిందికి తిప్పితే దించు. చెయ్యి చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి అడ్డంగా ఊపితే ఆపు. ఆ కింద నిలబడ్డవాడు బంగారయ్య. సర్వీసంతా పైన తిరుమలరావు, కింద బంగారయ్య. ఇద్దరి మధ్యా మాటల కంటే చేతులే ఎక్కువ నడిచాయి.

ఆ పనిలో రెండు సూత్రాలున్నాయి. ఆపమని ఎవడు చెయ్యి ఊపినా ఆపెయ్యాలి. జనరల్ మేనేజర్ ఊపినా ఆపాలి, టీ తెచ్చేవాడు ఊపినా ఆపాలి. ఎందుకు అని అడక్కూడదు. ముందు ఆపి, తర్వాత అడగాలి. రెండోది, ఒకసారి ఆపాక మళ్ళీ కదలమని చెప్పే హక్కు సిగ్నల్‌మ్యాన్‌ది ఒక్కడిదే. మావయ్య ఈ రెండు సూత్రాలూ నాకు ఎన్నిసార్లు చెప్పాడంటే, క్రేను ఎక్కకుండానే నేను సగం ఆపరేటర్ని.

ఇక పుస్తకం. దానికి ముందుమాటలు మూడు. ఒకాయన ‘ఈ నవల ఉక్కు పరిశ్రమకు అక్షర నీరాజనం’ అన్నాడు. ఇంకొకాయన ‘రచయిత ఉక్కు పరిశ్రమకు అక్షరాలతో నీరాజనం పట్టారు’ అన్నాడు. మూడో ఆయన ‘ఈ కవితా సంపుటి’ అని మొదలుపెట్టాడు. నేను ఆ మాట చూపిస్తే మావయ్య కాసేపు ఆలోచించి, “నవల్లో కవిత్వం ఉందని ఆయన భావం. ఉంచెయ్” అన్నాడు.

పుస్తకం విడుదల మా సెక్టర్ తెలుగు సంఘం హాల్లో. జనం బాగానే వచ్చారు. మావయ్య భార్య వనజాక్షి అత్త పులిహోర చేయిస్తోందని ముందే తెలుసు. శాలువాలు కప్పుకోవడం అయ్యాక, వక్తలు ఒకరి తర్వాత ఒకరు పుస్తకం బరువు గురించీ అట్ట అందం గురించీ మాట్లాడాక, మావయ్య లేచి ‘లాడిల్ ఎత్తిన వేళ’ అనే అధ్యాయం చదవడం మొదలుపెట్టాడు. కథానాయకుడు క్రేను ఆపరేటరు. పేరు విక్రమాదిత్య. ఎత్తు ఆరడుగులు. మావయ్య నా భుజం దాకా వస్తాడు.

“విక్రమాదిత్య మీట నొక్కాడు. కుతకుతలాడే ద్రవలోహంతో లాడిల్ గాల్లోకి లేచింది. కింద కార్మికులు తమ పనుల్లో నిమగ్నమై ఉన్నారు. వారి తలలపై సూర్యుడిలాంటి లాడిల్ ఊగుతోంది. అప్పుడతనికి తన తాతగారు గుర్తుకొచ్చారు.”

అప్పుడే హాలు చివర, తలుపు పక్క కుర్చీలోంచి బంగారయ్య లేచాడు. చెయ్యి చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి, అడ్డంగా ఊపాడు.

మావయ్య ఆగిపోయాడు.

నీళ్ళు తాగడానికి ఆగినట్టు కాదు. కరెంటు పోయినట్టు ఆగాడు. నోరు సగం తెరిచి ఉంది. వేలు పేజీ మీద ఉంది. కళ్ళు మాత్రం హాలు చివర. అధ్యక్షుడు దగ్గాడు. ఎవరో మైకు పోయిందనుకుని దాన్ని తట్టారు. బంగారయ్య నిలబడే ఉన్నాడు. మావయ్య అతణ్ణి చూస్తూ పుస్తకం మూసి, మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. జనం ఒక్క క్షణం అయోమయంగా చూసి, అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం పడ్డ చప్పట్లలో అవే గట్టివి. తర్వాత పులిహోర.

హాల్లో సగం మంది ప్లాంటువాళ్ళే. వాళ్ళకి ఆ చెయ్యి అర్థమైంది. మర్నాటికి మార్కెట్లో అందరికీ తెలిసిపోయింది. తిరుమలరావు పుస్తకాన్ని బంగారయ్య ఆపేశాడంట.

ఆపింది ఎందుకో బంగారయ్యని అడిగితే సరిపోయేది. స్కూటర్ మీద ఆయన ఉండే సెక్టర్ 2 ఎంత దూరం? కానీ మావయ్య అప్పటికే రచయిత అయిపోయాడు. రచయితలు విమర్శకుణ్ణి తప్ప ఊళ్ళో అందర్నీ అడుగుతారు.

ముందు గొంతు అన్నాడు. “గొంతు పట్టేసిందిరా సురేంద్రా. వాడు చెయ్యి ఊపడం, నా గొంతు పట్టెయ్యడం ఒకేసారి జరిగాయి. అంతే.” ఈ మాట నమ్మించడానికి రెండ్రోజులు మఫ్లర్ కట్టుకు తిరిగాడు. బయట ఎండ మండిపోతోంది.

తర్వాత కారణాల వేట. వరండాలో నన్ను కూర్చోబెట్టి, బంగారయ్య జీవితాన్ని మొదట్నుంచీ తవ్వాడు.

“ఆడికి నేనంటే కుళ్ళు. నేను పైన కూర్చున్నాను, ఆడు కిందే నిలబడ్డాడు. సర్వీసంతా తల పైకెత్తి నన్ను చూడ్డమే పని. మెడ నొప్పి పుట్టదేటి?”

“పుస్తకంలో సిగ్నల్‌మ్యాన్ పాత్ర ఉంది కదా మావయ్యా?”

“ఉంది. విక్రమాదిత్య వెళ్తుంటే నమస్కారం పెడతాడు.”

“ఇంకేం చేస్తాడు?”

“అంతే. మంచి పాత్ర.”

లోపల్నుంచి వనజాక్షి అత్త అంది, “శాలువా కప్పలేదు కదా, ఆ కోపమేమో. అందరికీ కప్పారు. డెకరేషన్ వాడికి కూడా కప్పారు.”

మావయ్య మొహం వెలిగింది. అత్త ఎత్తిపొడుపుకి అన్న మాటని ఆయన పరిశోధన ఫలితంలా పట్టుకున్నాడు. శాలువా లేకపోవడం వల్ల పుట్టిన విమర్శ శాలువాతో పోతుంది. సాహిత్యంలో ఇంతకంటే పాత వైద్యం లేదు. బీరువాలోంచి ఒక జరీ శాలువా తీసి నా చేతిలో పెట్టాడు. అది ఆ రోజు ఆయనకి కప్పిందే. ఆ తర్వాత మళ్ళీ మడత విప్పలేదు.

“పట్టుకెళ్ళి కప్పెయ్. రచయిత తరఫున సహృదయ పాఠకుడికి అని చెప్పు.”

సెక్టర్ 2లో బంగారయ్య క్వార్టరు వెనక రెండు మునగచెట్లున్నాయి. ఆయన వాటి కింద మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ‘ద్రవలోహ హృదయం’, చేతిలో భూతద్దం. తప్పులు వెతుకుతున్నాడనుకున్నాను. నేను శాలువా కప్పి, నేర్పిన మాట చెప్పాను.

“సహృదయ ఏటి?” అన్నాడు.

“పాఠకుడు బాబాయ్.”

“ఎండాకాలం శాలువా కప్పినోడు సహృదయుడేటిరా.” దాన్ని తీసి, పక్కనున్న తన స్కూటర్ సీటు మీద పరిచాడు. “సీటు కాలిపోతంది. పనికొస్తాది. తిరుమల బాగున్నాడా?”

“బాగాలేడు. మీరెందుకు ఆపారో అర్థంకాక కొట్టుకుంటున్నాడు. నాకు చెప్పండి, వెళ్ళి చెప్తాను.”

“నీకెందుకు చెప్తాను? క్రేను మీద నువ్వున్నావా?”

“లేను.”

“మరి? ఆపింది ఆణ్ణి. ఎందుకాపానో ఆడికి చెప్తాను. ఆణ్ణి రమ్మను.” మళ్ళీ భూతద్దం ఎత్తి పేజీలోకి దిగిపోయాడు. నేను గేటు దాటుతుంటే వెనక నుంచి, “ఆ తాత పేరేటి, పరశురామయ్యా? ఎంతకీ సావడేటిరా” అన్నాడు.

ఈ ఆఖరి మాట తప్ప మిగిలినదంతా మావయ్యకి చెప్పాను. ఆయన స్కూటర్ సీటు మాట దగ్గరే ఆగిపోయాడు.

“జరీ శాలువా సీటు మీద వేశాడా?”

“అవును. మిమ్మల్ని రమ్మన్నాడు.”

“నేను వెళ్ళాలా? రచయితే వెళ్ళాలా?”

వెళ్ళలేదు. దానికి బదులు వాట్సాప్ గ్రూపు పెట్టాడు. పేరు ‘ద్రవలోహ మిత్రులు’. పుస్తకం అందిన ప్రతివాణ్ణీ అందులో వేసి, అభిప్రాయాలు నిర్మొహమాటంగా చెప్పమన్నాడు. నిర్మొహమాటంగా అన్న మాట పక్కన చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. అది చూశాక ఇంక ఎవడు నిర్మొహమాటంగా చెప్తాడు? ‘అద్భుతం’ అన్నారు. ‘మహాద్భుతం’ అన్నారు. ఒకాయన పుస్తకం చేతికందిన పది నిమిషాల్లో ‘ఏకబిగిన చదివాను’ అన్నాడు. రాయ్‌పూర్‌లో ఉన్న మావయ్య కూతురు అపర్ణ పుస్తకం పట్టుకుని ఫోటో దిగి పంపింది. ఆమెకు తెలుగు చదవడం రాదు. పుస్తకం తలకిందులుగా ఉంది. మావయ్య ఆ ఫోటోని ఫోన్ తిప్పి చూసుకుని మురిశాడు. అప్పుడు కూతురు తలకిందులైంది.

మెచ్చుకోళ్ళన్నీ నాతో ప్రింటు తీయించి ఫైల్లో పెట్టాడు. అక్కడితో మనిషి కుదుటపడాలి. కుదుటపడలేదు. ఓ పొద్దున ఫైలు తిరగేస్తూ, “ఒరే, ఇందులో ఒక్కడూ విక్రమాదిత్య పేరు ఎత్తలేదు, చూశావా?” అన్నాడు. నేను చూడలేదు. అప్పుడు చూశాను. నిజమే. “తాతగారి పేరూ ఎత్తలేదు” అన్నాడు. ఫైలు మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. మనిషి మీద నాకు మొదటిసారి జాలేసింది. ఎక్కువసేపు కాదు. వెంటనే అత్త వైపు తిరిగి, “నువ్వైనా చదివావా?” అన్నాడు.

“నేను మీతో ఇన్నేళ్ళు కాపరం చేశాను,” అంది అత్త, చింతపండు పిసుకుతూ. “మళ్ళీ చదవాలేటి?”

సరిగ్గా ఆ వారమే పక్క ఊరు దుర్గ్ నుంచి పిలుపు వచ్చింది. అక్కడి తెలుగు మిత్రమండలి వార్షికోత్సవంలో ‘లాడిల్ ఎత్తిన వేళ’ చదవాలి. మొత్తం అధ్యాయం. మావయ్య ఎగిరి గంతేసి, అదే ఊపులో అద్దం ముందు నిలబడి చదవడం మొదలుపెట్టాడు. మీట నొక్కాడు. లాడిల్ లేచింది. కార్మికులు నిమగ్నమయ్యారు. లాడిల్ ఊగింది. “అప్పుడతనికి...”

ఆగిపోయాడు.

మళ్ళీ మొదట్నుంచి. మీట, లాడిల్, కార్మికులు, సూర్యుడు. “అప్పుడతనికి...” మళ్ళీ అక్కడే. నోట్లోంచి తాతగారు రావడం లేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అల్లం నమిలాడు. చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్తే టార్చి వేసి చూసి, గొంతు బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఆ డాక్టరుకీ పుస్తకం ఇచ్చొచ్చాడు.

“రోజూ తాతగారి దగ్గరే ఆగిపోతున్నారు,” అంది అత్త నాతో. “వీళ్ళ తాతగారు బతికున్నప్పుడూ అంతే. ఎవర్నీ ముందుకెళ్ళనిచ్చేవారు కాదు.”

నాకు విషయం అర్థమైంది. మీక్కూడా అయ్యుంటుంది. ఆపమన్నప్పుడు ఆగాడు. కదలమని ఇంకా ఎవరూ చెప్పలేదు. బుర్ర నవలాకారుడిదే కావచ్చు, ఒళ్ళు మాత్రం క్రేను ఆపరేటరుది. అది సిగ్నల్ కోసం కూర్చుంది. ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను.

మావయ్య అద్దం మీద పడ్డ తన ఊపిరి మరకని తువ్వాలుతో తుడిచాడు.

“ఇక్కడ ఆగిపోతే గొంతు అనుకున్నారురా,” అన్నాడు. “దుర్గ్‌లో కూడా ఆగిపోతే పుస్తకం అనుకుంటారు.”

మనిషికి అసలు భయం అదీ. పిలిచిన మొదటి ఊరు అది. అక్కడా నోరు తెరుచుకుని నిలబడిపోతే ఇంక ఎవరూ పిలవరు. ఇక మిగిలేది ఒక్క దారే, మోకాళ్ళ డాక్టరు.

సాయంత్రం నా స్కూటర్ వెనక ఎక్కాడు. మునక్కాయలు కావాలన్నాడు. మార్కెట్లో దొరుకుతాయన్నాను. సెక్టర్ 2వి లేతగా ఉంటాయన్నాడు.

బంగారయ్య చెట్టు కిందే ఉన్నాడు. పుస్తకం చివరి పేజీల్లో వేలు ఉంది. మావయ్యని చూసి లేవలేదు, కుర్చీ మాత్రం కాలితో ముందుకు తోశాడు.

“మునక్కాయలు కావాలి,” అన్నాడు మావయ్య నిలబడే.

“చెట్టుకున్నాయి. కోసుకో.”

మావయ్య చెట్టు వైపు చూశాడు. చెట్టు ఆయన వైపు చూసింది. కాసేపటికి కూర్చున్నాడు.

“ఒరే బంగారీ. ఎందుకాపావురా?”

“ఇన్నాళ్ళకి అడిగావు,” అన్నాడు బంగారయ్య. పుస్తకం తెరిచి, మడత పెట్టిన పేజీ తీశాడు. “లాడిల్ ఎత్తావు. కిందన జనాన్ని పెట్టావు. సైరన్ కొట్టావేటి? కొట్టలేదు. సరే. ఎత్తినోడివి ఎత్తినట్టు ఊరుకోకుండా తాత దగ్గరికి ఎల్లిపోయావు. గాల్లో లోడు ఒగ్గేసి తాతేటిరా? ఆ మాట నీ నోట్లోంచి వచ్చేతలికి నా చెయ్యి లెగిసిపోయింది. నేను లేపలేదు.”

“అది సాహిత్యంరా.”

“సాహిత్యమైతే మీద పడితే కాలదేటి?”

“సస్పెన్స్ అంటారు దాన్ని. పాఠకుడు ఉత్కంఠతో...”

“సస్పెన్స్ నీకు. కిందున్నోడికి?”

దీనికి సమాధానం మూడు ముందుమాటల్లోనూ లేదు.

“తర్వాతెప్పుడైనా దించుతావేమో అనుకున్నాను,” అన్నాడు బంగారయ్య. “ఆ రోజు పుస్తకం తెచ్చుకున్నాను కదా. సదవడం మొదలెట్టాను. తాత పెళ్ళి అయింది. తాతకి పిల్లలు పుట్టారు. విక్రమాదిత్య పట్నం వచ్చాడు. ఆ బెంగాలీ పిల్లని ప్రేమించాడు. పాటలు పాడుకున్నారు. నేను ప్రతి పేజీ తిప్పుతున్నాను, ఇప్పుడు దించుతాడు, ఇప్పుడు దించుతాడని. ఇయ్యాల పొద్దున్నే అయిపోయింది పుస్తకం. ఎక్కడా దించలేదు. ఇప్పటికీ గాల్లోనే ఉందిరా తిరుమలా, ఆ లాడిలు.”

మావయ్య మొహం చూడాల్సింది. కొట్టినట్టు ఎర్రబడింది. మెల్లగా ఇంకేదో రంగుకి వచ్చింది.

“మొత్తం చదివావా?” అన్నాడు.

“సదివాను.”

“ఆఖరి పేజీ దాకా?”

“సెప్తన్నాను కదేటి.”

“మరి... మిగతాదంతా ఎలా ఉంది?”

రచయిత జాతి ఇంతే. నెత్తి మీద లాడిల్ వేలాడుతున్నా, మిగతాది ఎలా ఉందని అడుగుతాడు.

“మిగతాది ఎక్కడ సూశాను, లాడిలు ఎతుక్కుంటా ఉంటే,” అన్నాడు బంగారయ్య. “బెంగాలీ పిల్ల బాగానే ఉంది. అనవసరంగా సంపేశావు.”

“విషాదాంతం అది.”

“క్యా విషాదం యార్. జరం వచ్చి పోయింది. ఒక గోలీ వెయ్యలేకపోయాడా నీ ఆరడుగులోడు?”

కొంచెంసేపు ఇద్దరూ బెంగాలీ పిల్ల జ్వరం గురించి కొట్టుకున్నారు. మావయ్య గొంతు లేచింది. ఆ గొడవలో ఆయన మొహాన మెచ్చుకోళ్ళ ఫైలు చూసినప్పుడు లేని కళ కనబడింది. ఆయన రాసిన మనుషుల గురించి ఎవడైనా ఆయనతో పోట్లాడటం అదే మొదలు.

ఆఖరికి లేచి నిలబడి, అసలు మాట అడిగాడు. నేల చూస్తూ అడిగాడు.

“దుర్గ్‌లో చదవాలి. అక్కడ... గొంతు కదలడం లేదురా. ఓసారి సిగ్నల్ ఇచ్చెయ్. ఇక్కడే. గొడవొదిలిపోద్ది.”

బంగారయ్య తల అడ్డంగా ఊపాడు. “లోడు గాల్లో ఉంటే ఇంకో పనికి సిగ్నల్ ఎలాగిస్తాను? నువ్వైతే ఇస్తావేటి? ముందు దించు. అప్పుడు సూద్దాం.”

“అచ్చయిపోయిన పుస్తకం. ఎలా దించను?”

“అది నువ్వు సూసుకో. రచయితవి నువ్వు.”

మునక్కాయలు కొయ్యకుండానే వచ్చేశాం.

దారిపొడుగునా మావయ్య తిట్టాడు. చదువులేనివాడన్నాడు. కళ తెలియనివాడన్నాడు. పైనుంచి చూసేవాడికే మొత్తం షాపు కనబడుతుందన్నాడు. మా వీధి మలుపు దగ్గర మాత్రం, “సైరన్ కొట్టాల్సిందిరా,” అన్నాడు. “అది తప్పే.” ఆ తర్వాత మూడ్రోజులు తలుపేసుకుని రాశాడు. నాకు టైపుకి ఇవ్వలేదు. అత్తకి చూపించలేదు. గ్రూపులో కూడా ఏమీ పెట్టలేదు. అది చూసి మిత్రులు కొందరు ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు.

దుర్గ్‌లో హాలు మా హాలు కంటే చిన్నది, పంకాలు ఎక్కువ. బంగారయ్య నాతో వచ్చాడు. ఆయన స్కూటర్ సీటు మీద జరీ శాలువా అలాగే ఉంది, దాని మీదే కూర్చుని వచ్చాడు. నిర్వాహకులు ముందు వరసలో కూర్చోమంటే వద్దన్నాడు. హాలంతా ఓసారి చూసుకుని, వెనక మధ్యలో, వేదిక మీద నిలబడ్డవాడికి ఎవరి తలా అడ్డురాని చోట కూర్చున్నాడు.

మావయ్య లేచాడు. పుస్తకం తెరిచాడు. దానిలోంచి మడత పెట్టిన కాగితం ఒకటి బయటికి తీసి, పేజీ మీద పెట్టుకున్నాడు. మీట నొక్కాడు. లాడిల్ లేచింది. కార్మికులు వచ్చేశారు. సూర్యుడిలాంటి లాడిల్ ఊగుతోంది. తాతగారు రావాల్సిన చోటు వచ్చింది. ఆగాడు.

ఒకటి రెండు తలలు లేచాయి. మావయ్య కాగితం చూసి చదివాడు.

“సైరన్ మోగింది. కిందివాళ్ళు పక్కకు తప్పుకున్నారు. విక్రమాదిత్య కిందికి చూశాడు. అక్కడ సిగ్నల్‌మ్యాన్ నిలబడి ఉన్నాడు.”

వెనకవరసలో బంగారయ్య చెయ్యి లేచింది. చూపుడువేలు నేలవైపు. మెల్లగా, చిన్న చిన్న సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది.

మావయ్య కాగితం చూడటం మానేశాడు. ఆ వేలు చూస్తూ చదివాడు. వేలు ఎంత మెల్లగా తిరిగితే అంత మెల్లగా. “లాడిల్ ఒక మూర దిగింది. గొలుసులు మూలిగాయి. ఇంకో మూర దిగింది. అంచున ఉక్కు ఇటు ఒరిగింది, అటు ఒరిగింది, సర్దుకుంది.” అందులో ఉపమానం ఒక్కటి లేదు. నీరాజనం లేదు. బంగారయ్య పక్కనున్న పెద్దావిడ, పాపం ఈయనకి చేతికి వణుకుడు జబ్బుందని జాలిగా జరిగి కూర్చుంది. వేలు ఇంకా నెమ్మదించింది. మావయ్య ఒక్కో మాటా పెట్టి పెట్టి చదివాడు. హాల్లో పంకాలు తప్ప చప్పుడు లేదు. పులిహోర వాసన వస్తున్నా ఎవరూ తల తిప్పలేదు. నేను కూడా. ఆ పుస్తకంలో నా బుర్ర దాకా వచ్చిన మొదటి వాక్యాలు అవి. అవి పుస్తకంలో లేవు.

“లాడిల్ అడుగు పీట మీద ఆనింది.”

బంగారయ్య అరచెయ్యి చాచి అడ్డంగా ఊపాడు. మావయ్య ఆగాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఇద్దరికీ చెమట పట్టింది. బంగారయ్య చెయ్యి దించి, ఇంక వెళ్ళు అన్నట్టు వేళ్ళు ముందుకు విదిలించాడు.

“అప్పుడతనికి తన తాతగారు గుర్తుకొచ్చారు,” అన్నాడు మావయ్య గడగడా. ఆ గొంతు మైకు అవసరం లేనంత గట్టిగా ఉంది.

బంగారయ్య లేచి తలుపు వైపు నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. బయట వరండాలో గిన్నెలు పెట్టుకుని వడ్డించేవాళ్ళు కూర్చుని ఉన్నారు. బంగారయ్య విస్తరి తీసుకుని పులిహోర పెట్టించుకున్నాడు. లోపల తాతగారికి పెళ్ళి సంబంధాలు వస్తున్నాయి. హాలు వెనకవరసల్లోంచి ఒక్కొక్కరే లేచి, వంగి నడుచుకుంటూ బయటికి వస్తున్నారు. తాతగారు గుర్రం ఎక్కేసరికి వరండా సగం నిండింది.

“బాబాయ్,” అన్నాను. “మళ్ళీ మొదలెట్టాడు. ఆపరా?”

బంగారయ్య నమిలి, మింగి, అప్పుడు చెప్పాడు. “ఎందుకు? లోడు దిగిపోయింది కదా. తాత ఎంతసేపు ఏలాడినా ఎవుడి నెత్తికీ దెబ్బ తగల్దు.”

వడ్డించేవాడి వైపు వంగి ఇంకో విస్తరి అడిగాడు. దాన్నిండా పెట్టించి, పైన ఖాళీ విస్తరి బోర్లించి, ఈగలు వాలకుండా తన పక్కన పెట్టుకున్నాడు.